జాతర కళలకు దిక్కెవ్వరు?

విజయదశమి మరునాటి యుదయమున తెలుగు పత్రికలన్నియు ఏటేట నొకే లెక్కను ప్రకటించుచుండును. హొళగుంద మండలములోని దేవరగట్టుపై గడచిన రాత్రి ఎందరి తలలు పగిలినవి, ఎందరిని ఆలూరు, ఆదోని ఆసుపత్రులకు జేర్చిరి, ఎన్ని వందల పోలీసులు కావలి యుండిరి, ఎన్ని కెమెరాలు కొండను కనిపెట్టి యుండెను - ఇదియే యా లెక్క. అదే కొండపై అదే యుత్సవమున గొరవయ్య నల్లకంబళి దాల్చి, ఎలుగుతోలు టోపీ ధరించి, ఒక చేత డమరుకమును, వేరొక చేత పిల్లనగ్రోవిని గొని యాడినాడు. కార్ణికము వినబడినది. రానున్న యేట వాన యెట్లుండునో, పత్తి జొన్నల ధరలు ఏ మార్గము పట్టునో తెలిసికొనుటకై వేలకొలది రైతులు ఊపిరి బిగబట్టి యాలకించిరి. ఈ సంగతికి పత్రికలో ఒక మూల రెండు పంక్తులు దొరకినచో అదియే గొప్ప.

ఉగాది మరునాడు ఆస్పరి మండలములోని కైరుప్పలలో జరుగు పిడకల సమరమునకును ఇదే గతి పట్టినది. వీరభద్రస్వామికిని, కాళికాదేవికిని నడుమ గల ప్రణయకలహపు గాథను ఊరు రెండుగా చీలి యేటేట స్మరించుకొనును. చివరకు దేవతలకు కల్యాణము జరుగును. లోకము చూచునది గాథను గాదు, కల్యాణమును గాదు. గాలిలో ఎగురు పిడకలను మాత్రమే. మన పశ్చిమ తాలూకాల సంస్కృతి బయటివారికి తెలిసినదెల్ల రక్తము ద్వారమునను, వింత ద్వారమునను మాత్రమే. ఇంతకన్న అవమానము వేరొకటి కలదా?

ఈ విషయమున మా యభిప్రాయమును ముందే విన్నవించుచున్నాము. మన జాతరలకు దొరతనము రెండే వేషములతో వచ్చుచున్నది. మొదటిది లాఠీ, రెండవది వేదిక. లాఠీ పట్టినప్పుడు కళను అల్లరిగా చూచుచున్నది. వేదిక వేసినప్పుడు కళను అలంకారముగా చూచుచున్నది. ఈ రెండింటిలో దేనివలనను కళ బ్రతుకదు. కళ బ్రతుకుటకు గావలసినవి నాలుగే: ఆడుటకు చోటు, ఆడినందుకు కూలి, నేర్చుటకు శిష్యుడు, ఊరిలో గౌరవముతో గూడిన హక్కు. ఈ నాలుగింటిని ఒకప్పుడు ఊరే సమకూర్చెడిది. నేడును ఊరే సమకూర్చవలెను. దొరతనము దానికి తోడు పడవచ్చును గాని, దాని స్థానమును ఆక్రమింపజాలదు.

మొదట లాఠీ మాట విచారింతము. దేవరగట్టు బన్ని యుత్సవము మాళమ్మ మల్లేశ్వరుల కల్యాణోత్సవము. మణిమల్లాసురులను శివుడు సంహరించిన గాథ దానికి మూలము. కల్యాణానంతరము దేవతామూర్తులు కొండ దిగి యూరేగునప్పుడు, నెరణికి, నెరణికి తండా, కొత్తపేట గ్రామములవారు ఒక పక్షమై మూర్తులను కాచుచుండగా, చుట్టుప్రక్కల గ్రామములవారు వేరొక పక్షమై కఱ్ఱలతో ఎదురు నిలుతురు. దివిటీల వెలుగులో, అర్ధరాత్రివేళ, ఇనుపకట్లు వేసిన కఱ్ఱలతో జరుగు నా సందడిలో ప్రతియేడును పలువురు గాయపడుచున్నారు. ప్రాణములు పోయిన సంవత్సరములును కలవు. ఇది మా తాతల నాటి యాచారము గావున నోరెత్తరాదని కొందరు వాదించుచున్నారు. ఆ వాదమును మేమంగీకరింపజాలము. తాతలు మనకు దేవుని ఇచ్చిరి, గాథను ఇచ్చిరి, డమరుకమును ఇచ్చిరి. మద్యమత్తతను, పాతకక్షలు తీర్చుకొను కఱ్ఱను వారసత్వముగ నిచ్చిరని చెప్పుట తాతలకే అపచారము. ఇంటికి దీపమైన కొడుకును గోల్పోయిన తల్లికి 'సంప్రదాయము' అను మాట ఓదార్పు కానేరదు.

అయినను నిషేధమొక్కటే మార్గమనువారును పొరబడుచున్నారు. 2020 సంవత్సరమున మహమ్మారి కారణముగ ఉత్సవమును దొరతనమువారు నిషేధించిరి. జనము కొండకు రాక మానలేదు, కఱ్ఱలు లేవక మానలేదు. నిషేధపుటాజ్ఞకు భయపడని రైతు తన యూరి పెద్ద మాటకు జంకును. ఊరి పెద్ద మాటకు జంకనివాడు దేవుని సన్నిధిలో చేసిన ప్రమాణమునకు జంకును. ఈ తాళపుచెవి మన చేతిలో నుండగా పోలీసు ఠాణా తలుపు తట్టుట మన యసమర్థతను మనమే చాటుకొనుట గాదా?

ఇక వేదిక మాట. పండుగ దినములందును, మంత్రులు విచ్చేయు దినములందును గొరవయ్యలకు పిలుపు వచ్చును. బస్సులో నెక్కించుకొని పోవుదురు. ఎండలో రెండు గంటలు నిలువబెట్టుదురు. ముఖ్యాతిథి కారు దిగి వేదిక యెక్కునంతవరకు డమరుకము మ్రోగవలెను. ఆయన కూర్చుండినంతనే అది యాగవలెను. పిమ్మట ఉపన్యాసములు, ఉపన్యాసముల నిండ 'ప్రాచీన కళలు', 'జానపద వైభవము'. ఆ కళాకారుని పేరు వేదికపై నొక్కరు నుచ్చరింపరు. ఏ గాథ పాడినాడో, ఎవరియొద్ద నేర్చినాడో, తన వెనుక నేర్చుకొనువాడు గలడో లేడో అడుగువారు లేరు. రాత్రియెల్ల ఆడవలసిన యాట ఐదు నిమిషములకు కుదింపబడినపుడు మిగులునది వేషము మాత్రమే. వేషమునకు ఛాయాచిత్రము చాలును, కళాకారుడు అక్కరలేదు.

ఈ రెండు చూపులును మనవి గావు. వీని పుట్టుక తెలిసికొనవలెనన్న నూరేండ్లకు మించి వెనుకకు పోవలెను. 1800 సంవత్సరమున నిజాము ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసెను. ఆనాటినుండి 1928లో నంద్యాల సభలో 'రాయలసీమ' యని మనము పేరు మార్చుకొనునంతవరకు దత్తమండలములను పేరుతోనే మనము పిలువబడితిమి. కంపెనీవారి చూపు రెవిన్యూ చూపు. మన్రో దొర 1800 మొదలు 1807 వరకు ఈ మండలములకు ప్రధాన కలెక్టరుగ నుండి రైతువారీ పద్ధతికి పునాది వేసెను. పిమ్మట వచ్చిన ఇనాము విచారణలలో ఎవనికి ఎంత మాన్యము గలదు, దానికి ఆధారమేమి యను ప్రశ్నయే గాని, ఆ మాన్యముతో ఏ కళ బ్రతుకుచున్నది యను ప్రశ్న పుట్టలేదు. జనము గుమిగూడుట యన్న ఆ పాలకులకు అనుమానము. 1876లో వారు చేసిన నాటకప్రదర్శనల చట్టము ఏ నాటకమునైనను రాజద్రోహమనియో, అశ్లీలమనియో ఆపివేయుటకు అధికారులకు హక్కిచ్చెను. స్వరాజ్యము వచ్చి డెబ్బది యేండ్లు గడచినపిదప గాని ఆ చట్టము మన శాసనగ్రంథమునుండి తొలగలేదు. అల్లరియని భయపడు కన్నొకటి, వింతయని ముచ్చటపడు కన్నొకటి - ఈ రెండు కన్నులతోనే పరదేశీయులు మన జాతరను జూచిరి. పాలకులు మారిరి గాని ఆ కండ్లద్దములు మారలేదు.

స్వతంత్ర భారతమున కళలకు అకాడమీలు వెలసెను. కేంద్ర సంగీత నాటక అకాడమీ 1953 జనవరిలో ప్రారంభమయ్యెను. మన రాష్ట్రమున 1957లో అట్టి సంస్థ యేర్పడెను. ఇవి చేసిన మేలు తక్కువది గాదు. కూచిపూడికి దేశమంతటను శాస్త్రీయ నృత్యమన్న ప్రతిష్ఠ లభించుట అట్టి కృషి ఫలమే. అయితే ఏ సభలోనైనను మాటాడగల పెద్దలుండిన కళకే పెద్దపీట దొరకినది. శాస్త్రము చూపగలవారు 'శాస్త్రీయము'లోనికి పోయిరి. చూపలేనివారు 'జానపదము'లో మిగిలిరి. కురువ గొరవయ్యకు సంస్కృత శ్లోకముతో తన తాళమును సమర్థించుకొను విద్య లేదు. ఆతని పక్షమున మాటాడుటకు మన పట్టణములలోని విద్వాంసులకు తీరిక లేదు. 1983లో రాష్ట్రపు అకాడమీలు రద్దైనప్పుడు గగ్గోలు పుట్టినది పట్టణములలోనే. దేవరగట్టు దారిలో ఎవ్వరికిని అది వార్త కాలేదు. వారికి ఎన్నడును అందనిది పోయినపుడు వారు దుఃఖించుటెట్లు?

మన పశ్చిమ సీమకు మరియొక చిక్కును కలదు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రమేర్పడినప్పుడు బళ్లారి జిల్లానుండి ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు మనకు సంక్రమించెను. బళ్లారి మైసూరునకు పోయెను. భాషారాష్ట్రము మన జాతి చేసిన న్యాయమైన పోరాటపు ఫలము. దానిని మేము తక్కువ చేయుట లేదు. కాని గీత గీచినపుడు పొలములు తెగినట్లే కళలును తెగినవి. ఆధునికాంధ్ర నాటకమునకు పితామహుడని మనము చెప్పుకొను ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు, చారిత్రక నాటకములకు ప్రాణము పోసిన కోలాచలము శ్రీనివాసరావుగారు, తాడిపత్రిలో జన్మించి వకీలు వృత్తి సాగించుచునే 1928లో ఇంగ్లాండు వరకు పోయి వచ్చిన నటశేఖరుడు రాఘవాచార్యులుగారు - వీరందరి రంగస్థలము బళ్లారి. ఆదోని అప్పుడు ఆ జిల్లాలోనిదే. స్త్రీ పాత్రను స్త్రీయే ధరింపవలెనని రాఘవ పట్టుబట్టి సాధించిన సంస్కారము మన యింటి సంస్కారమే. నేడు విజయవాడలో గూర్చుండి నాటక చరిత్ర వ్రాయువారికి బళ్లారి పరరాష్ట్రము. బెంగుళూరులో వ్రాయువారికి తెలుగు నాటకము పరభాష. ఉభయులకును కానిది మన గడప.

గొరవయ్య మాటయును అంతే. ఆతని దైవము మైలారలింగడు. ఆ దేవుని భక్తులు తుంగభద్రకు ఇరువైపులను గలరు. ఆతని పాటలో ఒక చరణము తెలుగు, ఒక చరణము కన్నడము. జనాభా లెక్కలలో మాతృభాష యను గడిలో ఒకే మాట వ్రాయవలెను; పాటలో అట్టి నిర్బంధము లేదు. భాషాభిమానులమైన మనము ఇక్కడ హృదయమును విశాలము చేసికొనవలెను. తెలుగు స్వచ్ఛముగ లేదని ఆ పాటను మనము త్రోసివేసినచో, కన్నడము స్వచ్ఛముగ లేదని వారును త్రోసివేయుదురు. సరిహద్దున బుట్టిన బిడ్డ ఇరుదేశములకును ముద్దుబిడ్డ కావలెను గాని అనాథ కారాదు.

ఆదోని పట్టణమునే చూడుడు. సిద్ది మసూద్ ఖాను పదునేడవ శతాబ్దమున కట్టించిన జామియా మసీదు అక్కడ నిలిచియున్నది. ఆ నవాబే మంచాల గ్రామమును శ్రీ రాఘవేంద్రస్వామివారికి సమర్పించెనని పారంపర్యము చెప్పుచున్నది. ఆ మంచాలయే నేటి మంత్రాలయము. ఈ సీమ పల్లెలలో పీర్ల పండుగ వచ్చినపుడు అగ్నిగుండము చుట్టును అలాయి ఆడువారిలో తురకలెవ్వరో, హిందువులెవ్వరో పోల్చుట కష్టము. డప్పు కొట్టువాడొక కులము, పీరు నెత్తువాడొక మతము, మొక్కు చెల్లించువాడు అందరిలో నొకడు. ఇట్టి యుత్సవమును ఇది ఫలానావారిది, అది ఫలానావారిదని పంచిపెట్టుటకు నేడు కొందరు తహతహలాడుచున్నారు. వారసత్వ రాజకీయమనగా ఇదియే. ఎవరును పోషింపని కళకు వారసులు లేరు. ఓట్లు రాలు కళకు మాత్రము వారసులు పదిమంది. మా ప్రశ్న యొక్కటే: ఈ వారసులలో గత సంవత్సరము కళాకారునకు పట్టెడు గింజలు కొలిచినవారెవ్వరు?

పూర్వము గింజలు కొలిచినది రైతు కళ్ళము. పంట నూర్చినపుడు కమ్మరికి, వడ్రంగికి, కుమ్మరికి మేర కొలిచినట్లే, మేళగానికి, భట్రాజునకు, బుడబుక్కల వానికి, గొరవయ్యకు తగిన పాలు ముట్టెడిది. గుళ్ళలో ఊడిగము చేయువారికి మాన్యములుండెడివి. 1956 నాటి ఇనాముల రద్దు చట్టముతో ఆ వ్యవస్థ మారినది. కళ్ళములు తగ్గినవి, జొన్న, కొఱ్ఱ పండిన చేలలో పత్తి వచ్చినది, పత్తి కళ్ళమునకు రాక నేరుగా ఆదోని మార్కెట్టు యార్డునకు పోవుచున్నది. బస్తాలో కొలువగల మేర రొక్కములో కొలువబడలేదు. ఇది ఎవ్వరి దుర్మార్గమును గాదు; కాలపు మార్పు. అయితే మార్పునకు తగిన యేర్పాటు చేయకుండుట మాత్రము మన దోషమే.

ఆ పాత వ్యవస్థను మేము బంగారముగ వర్ణింపబూనలేదు. మేర యిచ్చిన చేయియే మెడ వంచిన చేయి. ఊరి డప్పు ఒక కులపువారి మెడకు వెట్టిగ కట్టబడినది. పండుగకును, చావునకును పిలిచినపుడు రాకున్న దండన. వచ్చినచో గుడి మెట్టు క్రింద నిలువవలెను. ఆ యింటి పిల్లవాడు చదువుకొని, 'మా నాయన కొట్టిన డప్పును నేను కొట్టను' అన్నచో, అది కళాద్రోహమని మనము నిందింపరాదు. ఆతడు త్రోసివేసినది డప్పును గాదు, దానికి కట్టిన దాస్యమును. గౌరవముతో పిలిచి, కూలి మాటాడి, వేదికపై కూర్చుండబెట్టినచో అదే పిల్లవాడు అదే డప్పును గర్వముతో చేపట్టుట మనము చూచుచునే యున్నాము. కావున మేమడుగు 'హక్కు' పాత మేర గాదు. కులమునకు గట్టిన ఊడిగము గాదు. కళకు గట్టిన వెల.

నేటి జాతరను పరికింపుడు. పుష్యపౌర్ణమినాడు ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామివారి రథమును లాగుటకు లక్షల జనము చేరుదురు. పశువుల సంత జరుగును. బండలాగుడు పందెములు జరుగును. గెలిచిన ఎద్దులజతకు వేలు, లక్షలు బహుమానములు. ఎద్దును గౌరవించుట రైతు ధర్మము. దానికి మేము అడ్డు చెప్పము. కాని అదే జాతరలో రాత్రియెల్ల పద్యము పాడిన నటునకు, నందికోలు నెత్తిన భక్తునకు, చెక్కభజన చేసిన బృందమునకు ఏమి దక్కినదని అడుగుడు. శాలువ! ఆ శాలువను అమ్మినను ఇంటికి పోవు బస్సు చార్జీ రాదు. మరియొకవైపు డీజే పెట్టెలు. వాని మ్రోతలో డమరుకము వినబడునా? సినిమా పాటల రికార్డింగు డాన్సునకు వేల రూపాయలు చందాలెత్తి ముందుగనే చెల్లింతురు. మనకు డబ్బు లేక కాదు, మనసు లేక.

ఇంకను బాధాకరమైనది గలదు. జాతర నాటికి జాతర జరుపుకొనువారే ఊరిలో లేరు. కోసిగి, కౌతాళము, పెద్దకడబూరు ప్రాంతముల పల్లెలనుండి వాన తప్పిన యేట కుటుంబములకు కుటుంబములే గుంటూరు సీమ మిరపచేలకును, బెంగుళూరు, హైదరాబాదు కట్టడపు పనులకును తరలిపోవుచున్నవి. ఇంట ముసలివారును, బడి మానలేని పిల్లలును మిగులుచున్నారు. మిరపకాయ కోయు చేతులకు పిల్లనగ్రోవి పట్టు తీరికెక్కడిది? కళ నశించుచున్నదని నిట్టూర్చు పురప్రముఖులు మొదట గ్రహింపవలసినది, కళాకారుడు వలస పోయినాడన్న సంగతి. నీటికాలువకును, జానపద గీతమునకును సంబంధము లేదనుకొనువారు ఈ సీమను ఎరుగరు.

కళకు గుర్తింపు వచ్చినచో చాలునందురు కొందరు. పొరుగుసీమయైన ధర్మవరము దగ్గరి నిమ్మలకుంటను చూతము. అక్కడి తోలుబొమ్మల పనికి 2008లో భౌగోళిక గుర్తింపు లభించినది. 2020లో ఆ యూరి కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి పద్మశ్రీ లభించినది. ఇవి మనమందరము సంతసింపదగిన విషయములు. అయితే నేడు ఆ చేతులు ఎక్కువగ చేయునవి పట్టణపు టిండ్లలో వ్రేలాడు దీపపు గొడుగులు. తోలుపై రాముడు నిలిచినాడు. ఆ రాముని తెరపై నాడించి తెల్లవార్లు కథ చెప్పు ఆట కరవైనది. గుర్తింపు వస్తువును కాపాడగలదు. ఆటను కాపాడవలెనన్న చూచు జనము కావలెను, పిలుచు ఊరు కావలెను.

పిలుచు ఊరు కట్టుబడినచో ఏమి చేయగలదో తెలిసికొనుటకు మనము దూరము పోనక్కరలేదు. ఎమ్మిగనూరునందే సాక్ష్యము గలదు. 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘమును స్థాపించిరి. అప్పటి నేతగాని యవస్థ నేటి గొరవయ్య యవస్థ వంటిదే: నూలు ఒకరిది, అప్పు ఒకరిది, లాభము ఒకరిది, ఆకలి మాత్రము తనది. సోమప్పగారు నేతగానిని పొగడుటకు సభ చేయలేదు. నూలు తెచ్చియిచ్చిరి, కూలి నిర్ణయించిరి, బట్టకు బజారు వెదకిరి, ఇండ్లు గట్టించిరి. ఆ కృషికి 1954లో పద్మశ్రీ బిరుదము వచ్చినది. ఆ సంఘము పిమ్మటి దశాబ్దములలో క్షీణించినను, అది నేర్పిన పాఠము క్షీణింపలేదు: పొగడ్తతో మగ్గము ఆడదు, కూలితో ఆడును. మగ్గమునకు జరిగినది డమరుకమునకు ఏల జరుగరాదు?

ఇతర దేశములును ఈ మార్గమునే నడచినవి. ఆంగ్లేయుల ప్రక్కనే యుండి వారి భాషచే మింగబడవలసిన వేల్సు దేశము, ఐస్టెడ్వడ్ అను కవిగాయక మహోత్సవమును ఒక యేడు ఉత్తరమున, ఒక యేడు దక్షిణమున, ఊరూరికి మార్చుచు, తమ సొంత భాషలోనే జరుపుకొనుచున్నది. ఉత్సవము ఏ యూరికి పోయిన ఆ యూరివారే ముందుగ చందాలెత్తి యేర్పాట్లు చేయుదురు. జపాను దేశము 1950లో చేసిన చట్టముతో కట్టడములతో పాటు చేతిపనిని, ఆటను, పాటను గూడ జాతి సంపదగ లెక్కించినది. కళ నెరిగిన మనిషినే నిధిగ గుర్తించి, నేర్పుటకై యేటేట ద్రవ్యమిచ్చుచున్నది. ఐక్యరాజ్యసమితి విద్యా సంస్థ 2003లో ఇట్టి యొడంబడికను చేయగా 2005లో మన దేశము దానికి సమ్మతించినది. ఢిల్లీలో చేసిన సంతకము హొళగుందకు చేరుటకు ఎన్ని యేండ్లు పట్టును? దానికై ఎదురుచూచుచు మనము కూర్చుండవలెనా?

కావున ఆదోని, ఎమ్మిగనూరు పురప్రముఖులకును, చుట్టుపట్ల గ్రామముల భూస్వాములకును మా మనవి యిది. జాతర కమిటీ లెక్కలలో కళాకారుని పాలు మొదటి పద్దుగ వ్రాయుడు. మిగిలినదానిలో బాణసంచా, పందిళ్ళు చూచుకొనుడు. ఆ పాలు ఎంతయో ముందుగ దండోరా వేయించుడు. బేరమాడి జాతర మరునాడు చేతిలో పెట్టుట ధర్మము గాదు. జాతరలో ఒక రాత్రియైనను డీజే పెట్టెలను మూయించి, ఆ రాత్రిని ఊరి కళలకు విడువుడు. బడిలో వారమునకొక గంట గొరవయ్యనో, హార్మోనియపు మేష్టరునో కూర్చుండబెట్టి పిల్లలకు నేర్పింపుడు. ఉపాధ్యాయునకు ఇచ్చు గౌరవము ఆయనకు నిండు. మండలములవారీగ కళాకారుల పట్టిక యొకటి వారి సమ్మతితో వ్రాయింపుడు. పాట వారిది గావున దాని హక్కును వారిదే కానిండు. వీరికొక సహకార సంఘమును కట్టుడు. పిలుపు వచ్చినపుడు కూలి మాటాడునది ఆ సంఘము కావలెను గాని, నడుమ దళారి కాదు.

దేవరగట్టు విషయమున కఱ్ఱ పట్టు గ్రామముల పెద్దలకు ప్రత్యేకముగ విన్నవించుచున్నాము. ఇనుపకట్లు లేని కఱ్ఱలతో, మద్యము ముట్టని చేతులతో వత్తుమని పాలబాస చేయించుడు. గొరవయ్యల యాటకు, కార్ణికమునకు పెద్దపీట వేయుడు. దేవుని కావలి కాచుట శౌర్యమే; పొరుగూరి రైతు తల పగులగొట్టుట శౌర్యము గాదు. ఆ రాత్రి ఒక్క గాయము లేక గడచిన యేట, అంతకుముందు వేయిమంది పోలీసులు చేయలేని పనిని మీరు చేసినవారగుదురు.

దొరతనమువారికిని ఒక మాట. 2022 ఏప్రిలు 4న నంద్యాల వేరై కర్నూలు జిల్లా చిన్నదైనది. ఇకనైనను కలెక్టరు కచేరి చూపు పడమటికి మరలవలెను. మీరు ఉత్సవములు చేయనక్కరలేదు. మా యుత్సవములకు దారి, నీరు, దీపము, వైద్యము సమకూర్చుడు. వృద్ధ కళాకారుల పింఛనును అడుగకుండ అందజేయుడు. బళ్లారి సీమతో కూడి, తెలుగు, కన్నడము, ఉరుదూ మూడు భాషల కళలకు ఒక యేడు ఆదోనిలో, ఒక యేడు బళ్లారిలో పండుగ జరుపుటకు సమ్మతింపుడు. వేదికపై ఉపన్యాసములు తగ్గించి, డమరుకమునకు కాలమిండు.

మతకార్యములలో కూలి మాట యేల, భక్తితో చేయవలసినది గదా యని కొందరు ఆక్షేపింపవచ్చును. భక్తి అందరికిని సమానమే యైనపుడు, రథమునకు మోకులు అమ్మినవాడు, పందిరి వేసినవాడు, దీపములు కట్టినవాడు రొక్కము పుచ్చుకొనుట తప్పు గానిచో, దేవుని కథ పాడినవాడు పుచ్చుకొనుట తప్పెట్లగును? ఆతని భక్తిని మాత్రమే మనము ఉచితముగ ఎందులకు కోరుచున్నాము?

రానున్న పుష్యపౌర్ణమికి ఎమ్మిగనూరు రథము కదలును. రథము ముందు డమరుకము మ్రోగునా, డీజే పెట్టె మ్రోగునా యన్నది దేవుడు నిర్ణయించు విషయము గాదు, దొరతనము నిర్ణయించు విషయము గాదు. చందా పుస్తకము పట్టుకొని మన గడపకు వచ్చు కమిటీవారిని మనమడుగబోవు ప్రశ్న దానిని నిర్ణయించును. 'ఈ యేడు కళాకారుని పాలు ఎంత?' యని అడుగుడు. జవాబు విన్నపిదపనే పద్దు వ్రాయుడు.